చదువుల గదికి ఒక వకీలు: జావాస్క్రిప్ట్‌తో చిన్న ప్రాక్సీ సర్వర్



మన పెద్దపంజాణి చదువుల గది గురించి ఒక సమావేశంలో ఒక చాచా లేచి ఇలా అడిగారు: "బేటా, కంప్యూటర్లు ఇప్పించినాము. నెట్ బిల్లు నెలనెలా కడతా ఉండాము. పిల్లోళ్లు దాంట్లో ఏం చూస్తా ఉండారో మాకెట్లా తెలుస్తుంది?"

ప్రశ్న న్యాయమైనదే. టమోటా ధర పడిపోయిన ఏడాది కూడా జేబులోంచి తీసి ఇచ్చినవారికి ఆ మాట అడిగే హక్కు ఉంది. "మధ్యలో ఒక ప్రాక్సీ పెడదాం చాచా, అన్నీ తెలుస్తాయి" అని చెప్పి నేను కూర్చున్నాను. ఆ జవాబులో సగమే నిజమని తర్వాత తెలిసింది. మిగిలిన సగం నాకు తెలిసేలోపు ఒక అమ్మాయి మన గదికి రావడం మానేసింది. ప్రాక్సీ అంటే ఏమిటో, దాన్ని ఎలా తయారు చేస్తారో, అది ఏం చేయగలదో, దానితో మనం ఏం చేయకూడదో ఈ వ్యాసంలో వివరిస్తాను. కంప్యూటర్ తెలిసిన యువకులు దీన్ని చదివి పని మొదలుపెట్టవచ్చు. తెలియని పెద్దలు తమ డబ్బు దేనికి ఖర్చవుతోందో తెలుసుకోవచ్చు.

ప్రాక్సీ అంటే ఎవరు?

మన ఇళ్లలో నిఖా జరిగేటప్పుడు వధువు తరఫున ఒక వకీలు ఉంటాడు. సాక్షులతో కలిసి లోపలికి వెళ్లి అమ్మాయి సమ్మతి అడుగుతాడు. ఆమె చెప్పిన మాటను బయట కూర్చున్న కాజీ సాహెబుకు చేరవేస్తాడు. వధువు, కాజీ ఎదురెదురుగా కూర్చోకుండానే మాట ఇటు నుంచి అటు చేరుతుంది. వకీలు ఆ మాటకు ఏమీ కలపకూడదు, అందులోంచి ఏమీ తీయకూడదు. లోపల చూసిన ఇతర విషయాలు బయటికి వచ్చి చెప్పకూడదు.

ప్రాక్సీ సర్వర్ కూడా ఇలాంటి వకీలే. పిల్లవాడి ముందున్న కంప్యూటర్ నేరుగా ఇంటర్నెట్‌లోకి వెళ్లదు. "నాకు ఫలానా సైట్‌లోని ఫలానా పేజీ కావాలి" అని ప్రాక్సీకి చెబుతుంది. ప్రాక్సీ తానే వెళ్లి ఆ పేజీ తెచ్చి ఇస్తుంది. అవతలి సైట్‌కు కనిపించేది ప్రాక్సీ ఒక్కటే, లోపలున్న కంప్యూటర్లు కావు.

ఈ ఆలోచన కొత్తది కాదు. వెబ్ పుట్టిన జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన సంస్థలోనే, 1994లో ఆరి లువోటోనెన్ అక్కడి సర్వర్ ప్రోగ్రామ్‌కు ప్రాక్సీ పని నేర్పారు. కెవిన్ ఆల్టిస్‌తో కలిసి దాని గురించి అదే ఏడాది ఒక పత్రం కూడా రాశారు. సంస్థ చుట్టూ భద్రత గోడ ఉన్నప్పుడు లోపలివారు బయటి వెబ్‌ను చూసేందుకు ఒక దారి కావాలి. ఆ అవసరంతోనే ప్రాక్సీ పుట్టింది. 1996లో స్క్విడ్ అనే ఉచిత ప్రాక్సీ వచ్చింది. కాలేజీలు, ఆఫీసులు ఈనాటికీ దాన్ని వాడుతున్నాయి.

మన తెలుగు నేల మీద స్వేచ్ఛ అనే సంస్థ కార్యకర్తలు ఫ్రీడంబాక్స్ అనే చిన్న ఉచిత సర్వర్‌తో కొన్ని పల్లెల్లో వైఫై పంచారు. అమెరికాలో న్యాయశాస్త్ర ఆచార్యుడైన ఎబెన్ మోగ్లెన్ 2010లో ముందుకు తెచ్చిన ఆలోచన అది. అందులో ప్రివాక్సీ అనే వెబ్ ప్రాక్సీ కూడా ఉంది. పల్లెలో ఒక చిన్న పెట్టె పెట్టి నలుగురికీ నెట్ పంచడం మనవాళ్లకు సాధ్యమేనని చెప్పడానికే ఈ ఉదాహరణ.

జావాస్క్రిప్ట్ ఎందుకు?

స్క్విడ్ లాంటి సిద్ధమైన ప్రోగ్రామ్ ఉండగా మనం సొంతంగా రాయడం దేనికని అడగవచ్చు. పెద్ద సంస్థ అయితే స్క్విడ్ పెట్టుకోవడమే మేలు. మన గదిలో చదివే పిల్లలకు మాత్రం సొంతంగా రాయడమే ఒక పాఠం. ఇంటర్నెట్ లోపల ఏం జరుగుతుందో అరవై, డెబ్బై వరుసల ప్రోగ్రామ్‌లో కళ్లారా చూడవచ్చు. వాడిన పరికరం ఏం చేస్తోందో తెలిసిన పిల్లవాడికి, తెలియని పిల్లవాడికి చాలా తేడా ఉంటుంది.

జావాస్క్రిప్ట్ 1995లో బ్రెండన్ ఐక్ తయారు చేసిన భాష. మొదట దాన్ని ఎక్కువగా బ్రౌజర్ లోపలే వాడేవారు. 2009లో రయన్ డాల్ నోడ్ అనే సాధనం తెచ్చాక బ్రౌజర్ బయట, సర్వర్‌గా కూడా దాని వాడకం బాగా పెరిగింది. వెబ్ పేజీలు చేయడం నేర్చుకునే పిల్లలందరికీ ఈ భాష ఎలాగూ వస్తుంది. ప్రాక్సీ కోసం మరో భాష నేర్చుకోనక్కర్లేదు.

కావలసిన సామాను తక్కువే. 4 జీబీ మెమరీ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి, దానిలో ఉచితంగా దొరికే డెబియన్ లేదా ఉబుంటు, దాని మీద నోడ్ తాలూకు దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షన్, కరెంటు పోయినప్పుడు ఆదుకునే చిన్న యూపీఎస్. ప్రోగ్రామ్‌కు పైసా ఖర్చు లేదు.

ప్రోగ్రామ్ రాసే క్రమం

ఇక్కడ వరుసలు అచ్చంగా ఇవ్వడం లేదు. పనుల క్రమం చెబుతాను. నోడ్ కాస్త తెలిసినవారు దీన్ని చూసి రాసుకోవచ్చు.

మొదటి మెట్టు: నోడ్‌తో పాటే వచ్చే హెచ్‌టీటీపీ, నెట్ అనే రెండు భాగాలను పిలవాలి. బయటి ప్యాకేజీలేవీ అవసరం లేదు. హెచ్‌టీటీపీ భాగంలోని క్రియేట్‌సర్వర్‌తో ఒక సర్వర్ తయారవుతుంది. లోపలి కంప్యూటర్ నుంచి అభ్యర్థన వచ్చిన ప్రతిసారీ మనం రాసిన పని జరుగుతుంది.

రెండో మెట్టు: అభ్యర్థన మొదటి వరుస చదవాలి. మామూలు సర్వర్‌కు వచ్చే అభ్యర్థనలో పేజీ దారి మాత్రమే ఉంటుంది. ప్రాక్సీకి వచ్చే దానిలో సైట్ పేరుతో సహా పూర్తి చిరునామా ఉంటుంది. దాని నుంచి సైట్ పేరు, పోర్ట్ సంఖ్య, దారి విడదీయాలి. పోర్ట్ చెప్పకపోతే 80 అనుకోవాలి.

మూడో మెట్టు: అదే అభ్యర్థనను మన తరఫున అవతలి సైట్‌కు పంపాలి. అభ్యర్థనతో పాటు హెడర్లు అనే చిన్న చీటీలు వస్తాయి. వాటిలో కొన్ని పిల్లవాడి కంప్యూటర్‌కు, ప్రాక్సీకి మధ్య వరకే ఉద్దేశించినవి. కనెక్షన్, కీప్-అలైవ్, ప్రాక్సీ-ఆథరైజేషన్ వంటివి అలాంటివి. వాటిని తీసేసి మిగిలినవే ముందుకు పంపాలి. వకీలుతో గుమ్మం దగ్గర అన్న మాట కాజీ దగ్గర చెప్పే మాట కాదు కదా!

నాలుగో మెట్టు: జవాబు రాగానే దాని స్థితి సంఖ్యను, హెడర్లను పిల్లవాడి వైపు పంపి, మిగతా విషయాన్ని పైప్ అనే ఆదేశంతో కలిపేయాలి. పేరుకు తగ్గట్టే అది మన తోటల్లోని డ్రిప్ పైపులా పనిచేస్తుంది. నీళ్లు తొట్టిలో నింపి మళ్లీ పోయనక్కర్లేదు, వచ్చింది వచ్చినట్టే అవతలికి పారుతుంది. అందుకే పెద్ద వీడియో పాఠం నడుస్తున్నా పాత కంప్యూటర్ మెమరీ నిండిపోదు.

ఐదో మెట్టు: తప్పులను పట్టుకోవాలి. నా మొదటి ప్రోగ్రామ్ గంటకోసారి ఆగిపోయేది. కారణం వెతికితే ఒక పిల్లవాడు పేజీ సగంలో మూసేసినప్పుడల్లా కనెక్షన్ తెగి, ఎర్రర్ అనే సంకేతం వస్తోంది. నోడ్‌లో ఆ సంకేతాన్ని ఎవరూ పట్టించుకోకపోతే మొత్తం ప్రోగ్రామే ఆగిపోతుంది. ఒకరి కనెక్షన్ తెగితే గదిలో అందరి పనీ ఆగింది. లోపలి వైపు, బయటి వైపు, రెండు కనెక్షన్లకూ ఎర్రర్ వస్తే ఏం చేయాలో తప్పకుండా రాయాలి. అవతలి సైట్ దొరక్కపోతే 502 అనే సంఖ్యతో జవాబు పంపాలి.

సీలు వేసిన కవరు

పైన చెప్పినది పాత తరహా హెచ్‌టీటీపీ సైట్లకు. నేడు దాదాపు ప్రతి సైటూ హెచ్‌టీటీపీఎస్ వాడుతోంది. చివర చేరిన ఆ ఒక్క అక్షరంతో కథ మారిపోతుంది. పిల్లవాడి బ్రౌజర్‌కు, సైట్‌కు మధ్య మాటలన్నీ సీలు వేసిన కవరులో వెళతాయి. మధ్యలో ఉన్న వకీలు కవరు మీద పేరు చదవగలడు, లోపలి ఉత్తరం చదవలేడు.

దీనికి ప్రోగ్రామ్‌లో మరో భాగం రాయాలి. బ్రౌజర్ ముందుగా కనెక్ట్ అనే అభ్యర్థన పంపుతుంది. అందులో సైట్ పేరు, పోర్ట్ సంఖ్య మాత్రమే ఉంటాయి. ప్రాక్సీ నెట్ భాగంతో ఆ సైట్‌కు కనెక్షన్ తెరిచి, 200 అనే సంఖ్యతో "దారి తెరిచాను" అని బ్రౌజర్‌కు చెప్పి, రెండు వైపులా పైప్ కలిపేయాలి. ఆ తర్వాత వకీలు పని మౌనంగా మోయడమే.

చాచా అడిగిన ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడ ఉంది. పిల్లలు ఏ సైట్ తలుపు తట్టారో ప్రాక్సీకి తెలుస్తుంది. లోపల ఏ పేజీ చదివారో, ఏం వెతికారో, ఏం రాశారో తెలియదు. మరో మాట కూడా దాతలు తెలుసుకోవాలి. ఒకసారి తెచ్చిన పేజీని దాచి పదిమందికీ ఇస్తే నెట్ ఖర్చు తగ్గుతుందన్నది పాత రోజుల లెక్క. సీలు కవరును దాచుకున్నా మరొకరికి ఇవ్వలేం. కాబట్టి ప్రాక్సీ పెట్టినంత మాత్రాన బిల్లు సగమవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఖర్చు తగ్గాలంటే కివిక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో తెలుగు వికీపీడియాను మన కంప్యూటర్‌లోనే దించి పెట్టుకోవడం మేలు. దానికి నెట్ అక్కర్లేదు.

మరి ప్రాక్సీ వల్ల మేలేమిటి? మూడు ఉన్నాయి. పిల్లలకు తగని సైట్ల పేర్లు ఒక జాబితాలో రాసి ఆపవచ్చు. ఏ సీటు ఎంత డేటా వాడిందో లెక్కపెట్టి అందరికీ సమానంగా పంచవచ్చు. పరీక్షల రోజుల్లో వీడియో సైట్లను కొన్ని గంటలు ఆపి దరఖాస్తులకు, పాఠాలకు దారి వదలవచ్చు.

జాబితా రాసేటప్పుడు ఒక జాగ్రత్త. సైట్ పేరు పూర్తిగా సరిపోవాలి, లేదా చుక్కతో మొదలై చివర అదే పేరు ఉండాలి. చుక్క చూడకుండా చివరి అక్షరాలు మాత్రమే పోలిస్తే, పేరులో పోలిక ఉన్న మంచి సైట్లు కూడా ఆగిపోతాయి.

తలుపులు వేసుకోవడం

సర్వర్ ఏ చిరునామా మీద వినాలో చివర చెప్పాలి. గదిలోని సొంత చిరునామా, ఉదాహరణకు 192.168.1.10, పోర్ట్ 8080 అని స్పష్టంగా రాయాలి. చిరునామా రాయకపోతే అది అన్ని వైపులా వింటుంది. రూటర్‌లో కూడా దారి తెరిచి ఉంటే బయటి ప్రపంచంలో ఎవరైనా మన వకీలును వాడుకోవచ్చు. తెరిచి ఉన్న ప్రాక్సీల కోసం ఇంటర్నెట్‌లో యంత్రాలు రాత్రింబవళ్లు వెతుకుతుంటాయి. ముక్కూముఖం తెలియని వాడు మన ప్రాక్సీ ద్వారా మోసం చేస్తే, పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారి ఇంటికే.

అలాగే కనెక్ట్ అభ్యర్థనలను 443 అనే పోర్ట్‌కే అనుమతించాలి. రూటర్ సెట్టింగుల పేజీ, ప్రాక్సీ కంప్యూటర్ సొంత చిరునామా వంటి లోపలి చిరునామాలకు వెళ్లనివ్వకూడదు. పిల్లల కంప్యూటర్లు ప్రాక్సీని తప్పించి నేరుగా బయటికి పోకుండా రూటర్‌లో ఆపాలి. లేకపోతే బ్రౌజర్ సెట్టింగ్ ఒక్కటి మార్చితే చాలు, మన కష్టమంతా వృథా. కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలైనప్పుడు ప్రోగ్రామ్ తనంతట తానే లేచేలా సిస్టమ్‌డీలో ఒక సేవగా నమోదు చేయాలి.

నా తప్పు

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి చెప్పాలి. నేను రాసిన మొదటి ప్రోగ్రామ్ ప్రతి అభ్యర్థననూ ఒక ఫైల్‌లో రాసేది: సమయం, సీటు సంఖ్య, సైట్ పేరు. ఏ సీటులో ఎవరు కూర్చున్నారో హాజరు పుస్తకంలో ఉండనే ఉంది. పనితనం చూపించాలని ఒక నెల జాబితా అచ్చు తీసి పెద్దల ముందు పెట్టాను. ఎవరూ అడగలేదు. నా గొప్ప కోసం పెట్టాను.

అందులో ఒక సీటు ఎదురుగా ఒక ఆసుపత్రి పేరు నాలుగుసార్లు ఉంది. ఎవరో హాజరు పుస్తకం తిప్పి చూశారు. పెళ్లి మాటలు నడుస్తున్న అమ్మాయి. "ఆ పిల్లకేదో జబ్బంట" అనే మాట వారంలో వీధి దాటింది. వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. "మా అత్తకు కంటి ఆపరేషన్ తేదీ కోసం చూసింది భాయ్. మా ఇంట్లో చదువొచ్చినది అదొక్కటే కదా" అంది. నేను ఇంటింటికీ వెళ్లి నిజం చెప్పాను. మాట తగ్గింది, కానీ ఆ అమ్మాయి మళ్లీ గదికి రాలేదు. డిగ్రీ చివరి పరీక్షలకు ఇంట్లో చిన్న ఫోన్‌లోనే చదువుకుంది.

కవరు మీద పేరు చూసి ఉత్తరంలో ఏముందో మనమే రాసుకున్నాం. అంతకంటే మరో విషయం ఉంది. ఒక పేజీ తెరిస్తే ఆ పేజీయే తనంతట తాను ప్రకటనలకు, అక్షరాల రూపాలకు, బొమ్మలకు ఎన్నో ఇతర సైట్లను పిలుస్తుంది. ఆ పేర్లన్నీ జాబితాలో పడతాయి. పిల్లవాడు వాటి ముఖం కూడా చూసి ఉండడు. అందువల్ల జాబితాలో పేరు ఉండటం ఎవరి మీదా సాక్ష్యం కాదు.

చట్టం కూడా ఇదే వైపు నడుస్తోంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పు ఇచ్చింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగా లెక్కించి, వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. అయితే మనకు చట్టం కంటే ముందు తెలిసిన మాట ఒకటుంది. ఒకరు నమ్మి మన చేతిలో పెట్టింది అమానతు. డబ్బే కాదు, మాట కూడా అమానతే.

ఇప్పుడు పాటిస్తున్న నియమాలు

ప్రోగ్రామ్ మార్చి రాశాను. ఇప్పుడది సైట్ల పేర్లు రాయదు. నోడ్‌లో ప్రతి కనెక్షన్ దగ్గరా ఎన్ని బైట్లు వచ్చాయో, ఎన్ని పోయాయో లెక్క ఉంటుంది. సీటు వారీగా రోజు మొత్తం మాత్రమే రాసుకుంటుంది. ఆపిన ప్రయత్నాలు మొత్తం ఎన్నో రాస్తుంది, ఏ సీటు నుంచో రాయదు. ఏడు రోజులు దాటిన ఫైళ్లు వాటంతట అవే చెరిగిపోతాయి. కమిటీకి నెలకు ఒక కాగితం అందుతుంది. అందులో గది మొత్తం డేటా, తెరిచిన రోజులు, ఆపిన ప్రయత్నాల మొత్తం ఉంటాయి. ఎవరి పేరూ ఉండదు. ఏం రాసుకుంటున్నామో, ఏం రాసుకోవడం లేదో తెలుగులో, ఉర్దూలో రాసి గోడకు అంటించాం. 18 ఏళ్లలోపు పిల్లల ఇంటివారికి చదివి వినిపించి సంతకం తీసుకుంటున్నాం.

"అయితే పిల్లోళ్లను చూసేదెవరు?" అని చాచా మళ్లీ అడిగారు. మనుషులే చూడాలి చాచా. గదిలో సాయంత్రం ఒక పెద్దవారు కూర్చుంటే చాలు. ఆయన ఉంటే పిల్లవాడు దారి తప్పడు, దారి తెలియకపోతే అడుగుతాడు కూడా. ఆ పని ఏ ప్రోగ్రామూ చేయలేదు.

దాతలకు మనవి

కంప్యూటర్లు ఇచ్చారు, బిల్లు కడుతున్నారు. దానికి కృతజ్ఞతలు. ఈ ఏడాది మీ నుంచి కోరేది డబ్బు కంటే సమయం. ఉద్యోగ విరమణ చేసినవారు, కాలేజీ చదువు పూర్తయిన ఆడపిల్లలు వారానికి ఒక సాయంత్రం గదిలో కూర్చోగలిగితే చెప్పండి. ముఖ్యంగా ఆడపిల్లల సమయానికి ఒక ఆపా కావాలి. ఇంట్లో మూలనపడ్డ పాత కంప్యూటర్ ఉంటే పంపండి, రెండో ప్రాక్సీగా పనికొస్తుంది. ఒకటి ఆగినప్పుడు రెండోది నడుస్తుంది.

మరొక్క మాట. ఎవరైనా మీ దగ్గరికి వచ్చి "మీ పిల్లలు ఏం చూస్తున్నారో అంతా చూపిస్తాం" అని పరికరం అమ్మబోతే, "ఆ జాబితా ఎవరి చేతిలో ఉంటుంది, ఎన్నాళ్లు ఉంటుంది?" అని ముందు అడగండి. నేను అడగలేదు. దానికి మూల్యం నేను కట్టలేదు, ఒక ఆడపిల్ల కట్టింది. ఆమె చెల్లెలు ఈ మధ్య గదిలో చేరింది. గోడ మీది కాగితం రెండుసార్లు చదివి, నా వైపు చూసి, ఆ తర్వాతే సీటులో కూర్చుంది.